జెల్ల విశ్వాసం బదిలీ అయిన వైనం

మా కేంద్రం మొదలైన రోజున అందులో పన్నెండు మంది సిబ్బంది, పదహారు గదులు, రెండు జనరేటర్లు, ఒక జెండా కర్ర ఉన్నాయి. కుక్క లేదు. కేంద్రం పేరు దేశవాళీ వేటకుక్కల పరిరక్షణ, ప్రోత్సాహక కేంద్రం. అందుచేత ఏడో నెలలో ఎవరో ఈ లోటు కనిపెట్టారు.

ఆ ఏడాది రాజధానిలో అందరికీ దేశవాళీ మీద ప్రేమ పుట్టింది. దేశవాళీ బియ్యం తిన్నారు, దేశవాళీ ఆవు నెయ్యి తిన్నారు, ఆ తర్వాత వంతు కుక్కకి వచ్చింది. కొల్లేటి చుట్టుపట్ల జోనంగి అనే వేటకుక్కల జాతి ఒకటి ఉందనీ, అది తగ్గిపోతోందనీ ఒక పెద్ద అధికారి ఎక్కడో విన్నారు. పూర్తిగా తగ్గిపోయేలోగా భవనం కట్టేయాలని పట్టుబట్టారు. ఒక చేపల చెరువు పూడ్చి, నేలంతా నున్నటి టైల్సు పరిచి, కట్టేశారు.

నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. పేరు మార్కండేయులు. పశువుల శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను గాని పశువుని ముట్టుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. అన్నీ కాగితం మీదే ఈనాయి, కాగితం మీదే పాలిచ్చాయి.

మా డైరెక్టర్ విశ్వమోహన్ గారు నన్నూ, మా పశువైద్యురాలు డాక్టర్ సునందిని గారినీ పిలిచి, "వారం లోపల ఒక జోనంగిని స్వాధీనపరచుకొని నివేదిక సమర్పించండి" అన్నారు. జీపు వేసుకుని చెరువు గట్ల వెంట మూడు రోజులు తిరిగాం. ఎక్కడ అడిగినా, "ఉండేవండి, మా నాన్నగారి రోజుల్లో" అనేవాళ్ళే. నాలుగో రోజు ఒక కాలువ గట్టున బాతుల మంద కనబడింది. ఏడెనిమిది వందల బాతులుంటాయి. వాటి వెనక ఒక మనిషి, మనిషికి కాస్త ముందు ఒక కుక్క.

గోధుమ రంగు ఒళ్ళు, నూనె రాసినట్టు పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, వీపు మీదికి చుట్ట తిరిగిన తోక. ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉన్నట్టు మొహం. బాతులు గట్టు దిగి పక్కనున్న రొయ్యల చెరువు వైపు మళ్ళబోతే, అది చుట్టూ వలయంలా పరిగెత్తి అన్నిటినీ ఒక్క దండుగా కాలువలోకి దింపేసింది. రెండు బాతులు విడిపోతే ముక్కుతో తోసుకుంటూ తెచ్చి కలిపింది. పంటి గాటు ఒక్కటి లేదు. అరిచింది కూడా మామూలు కుక్కలా కాదు, ఎవరో అవతలి గట్టు నుంచి మనిషిని పిలిచినట్టు సాగదీసి కూత పెట్టింది.

కాపరి పేరు పెద్దింట్లు. యాభై అయిదేళ్ళ బక్క మనిషి. కుక్క పేరు జెల్ల. కూనగా ఉన్నప్పుడు జెల్ల చేప తప్ప ఇంకేదీ ముట్టేది కాదట, అందుకని ఆ పేరు.

"వేట కూడా చేస్తుందా?" అని అడిగాను, ఫారంలో ఆ గడి ఉంది కాబట్టి.

"మా తాత రోజుల్లో దీని ముత్తవ్వలు కుందేళ్ళని, ఉడుముల్ని పట్టేవండి. ఇప్పుడవి పట్టకూడదన్నారు గదండి. మేం మానేశాం, ఇదీ మానేసింది. బాతుల్ని కాత్తాది, సేలో ఎలకల్ని పడతాది. కొత్తోడొత్తే గట్టెక్కనివ్వదు. అంతేనండి, ఆయ్."

డాక్టర్ గారు జెల్ల పళ్ళు చూశారు, చెవులు చూశారు, పొట్ట నొక్కి చూశారు. పెద్దింట్లు తల నిమురుతున్నంతసేపూ అది కదల్లేదు. "నాలుగేళ్ళుంటాయి. రాయిలా ఉంది. ఒక్క జబ్బు లేదు" అన్నారావిడ. రేబీస్ సూది వేసి, సంచీలోంచి బిస్కెట్టు తీసి పెట్టారు. జెల్ల ఆ బిస్కెట్టునీ, ఆవిణ్ణీ, ఆ తర్వాత నన్నూ చూసి, మొహం తిప్పుకుంది.

"అది నా సేత్తో పెడితేనే తింటాదండి. మా ఆడది పెట్టినా తినదు. దాని పద్దతంతే" అన్నాడు పెద్దింట్లు, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం గర్వంగా.

ఆ మాట నేను ఫారంలో 'స్వభావం' అనే గడిలో రాసుకోవలసింది. ఆ గడిలో 'మంచిది' అని ముందే అచ్చు వేసి ఉంది. వదిలేశాను.

జెల్లని ఇవ్వడం పెద్దింట్లుకి ఇష్టం లేదు. కాని డైరెక్టర్ గారి ఉత్తరంలో 'స్వచ్ఛందంగా' అనే మాట రెండుసార్లు ఉంది, దానికింద గుండ్రటి ముద్ర ఉంది. మూడు నెలల అధ్యయనం, ఆ తర్వాత తిరిగి అప్పగింత అని నేనే చదివి చెప్పాను.

"సార్వా వరి కోతలకి ఇచ్చేత్తారు గదండి? కోసిన సేలల్లో బాతుల్ని దింపాలండి. ఇది లేకపోతే నా వల్ల కాదండి."

"రాసి ఉంది కదయ్యా" అన్నాను.

*

కేంద్రంలో జెల్లకి ఏసీ గది కేటాయించారు. పొట్టి బొచ్చు కుక్క, రాత్రంతా వణికింది. పొద్దున్నే డైరెక్టర్ గారు దానికి ఉన్ని స్వెట్టరు తెప్పించమన్నారు. "ఏసీ ఆపేస్తే సరిపోతుంది సార్" అన్నారు సునందిని గారు. ఏసీ నిర్వహణ మూడేళ్ళ ఒప్పందంలో ఉందనీ, ఆపితే ఒప్పందం ఉల్లంఘన అవుతుందనీ చెప్పారు డైరెక్టర్ గారు. స్వెట్టరు వచ్చింది. జెల్ల దాన్ని నాలుగు ముక్కలు చేసి, మర్నాడు తోటలోకి వదలగానే జెండా కర్ర పక్కన గొయ్యి తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకుంది. జోనంగులు అలాగే పడుకుంటాయిట, గోతిలో చల్లగా ఉంటుందని. 'ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా తవ్వకం' అన్న విషయం మీద నేను మెమో తయారుచేసి గోతి పక్కన అంటించాను.

జాతి లక్షణాల పట్టికలో నుదుటి ముడతలు నాలుగు నుంచి ఆరు ఉండాలని ఉంది. లెక్కపెట్టే పని నాకు పడింది. నేను దగ్గరికి వెళ్తే ఎనిమిది, దూరం జరిగితే మూడు. సగటు తీసి అయిదున్నర అని రాశాను.

అసలు సంగతి తిండి. బస్తా మీద విదేశీ కుక్క బొమ్మ ఉన్న దాణా పెట్టారు. ముట్టలేదు. పాలు పెట్టారు. కోడిగుడ్డు పెట్టారు. డైరెక్టర్ గారు స్వయంగా వంగి, "తిను తల్లీ" అని బతిమాలారు. మూడు రోజులు జెల్ల నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మూడో రోజు సాయంత్రానికి డాక్టర్ గారు ఎవరినీ అడగకుండా తన స్కూటర్ మీద వెళ్ళి పెద్దింట్లుని ఎక్కించుకొచ్చారు. అతను గోతి పక్కన చతికిలబడి, ఉడకబెట్టిన చేపముక్కలు అన్నంలో కలిపి, ముద్ద చేసి చేత్తో పెట్టాడు. జెల్ల గిన్నె ఖాళీ చేసి అతని మోకాలి మీద గడ్డం పెట్టుకుంది.

డైరెక్టర్ గారు మేడమీది కిటికీలోంచి ఇదంతా చూశారు. నన్ను పిలిపించారు.

"మార్కండేయులు గారూ, ఇది చిన్న విషయం కాదు. ప్రభుత్వ ఆధీనంలో ఉన్న జీవి ఒక ప్రైవేటు వ్యక్తి పట్ల విధేయత ప్రదర్శిస్తోంది. రేపు పైవారు అడిగితే ఏమని సమాధానం ఇస్తాం?"

ఆ మాటే ఫైలులో పెట్టి ప్రధాన కార్యాలయానికి పంపాం. అంతవరకు పెద్దింట్లు రోజూ రెండు పూటలా నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి, గేటు దగ్గర సంతకం పెట్టి, కుక్కకి అన్నం పెట్టి వెళ్ళేవాడు. రెండు వారాల్లో జవాబు వచ్చింది. మా శాఖలో అంత తొందరగా జవాబు రావడం నేనెరగను.

'ఉత్తర్వు. ఒకటి: కేంద్రములోని శునకముల విశ్వాసము సంబంధిత హోదాకు చెందును గాని ఏ వ్యక్తికిని చెందదు. రెండు: హోదాలోనున్న అధికారి బదిలీపై వెళ్ళునపుడు, తాళములు, ముద్రలతో పాటు శునక విశ్వాసమును తదుపరి అధికారికి లిఖితపూర్వకముగా అప్పగించవలెను. మూడు: మధ్యకాలమున సదరు విశ్వాసము సీనియర్ అసిస్టెంటు వద్ద భద్రపరచబడును.'

మర్నాడు విశ్వాస స్వీకార కార్యక్రమం జరిగింది. డైరెక్టర్ గారు కుర్చీలో కూచున్నారు. జెల్లని ఎదురుగా నిలబెట్టి నేను ఉత్తర్వు పూర్తిగా చదివి వినిపించాను. రెండో అంశం దగ్గర అది ఆవలించింది. నేను కార్యక్రమ వివరాల్లో 'సదరు శునకం ఎట్టి అభ్యంతరమూ తెలుపలేదు' అని రాశాను. తర్వాత డైరెక్టర్ గారు అన్నం ముద్ద చాపారు. జెల్ల వెళ్ళి గోతిలో పడుకుంది.

"దానికి మీ హోదా వాసన తెలీదు సార్. పెద్దింట్లు వాసనే తెలుసు" అన్నారు సునందిని గారు. ఆవిడ వేళాకోళానికే అన్నారు. మా డైరెక్టర్ గారు ఏనాడూ ఏ మాటనీ వేళాకోళంగా తీసుకోలేదు.

ఆ సాయంత్రమే పెద్దింట్లు ఒంటిమీది చొక్కా విప్పించాం. చొక్కాకి బాతుల వాసన, చేపల వాసన, కాలువ బురద వాసన, బీడీ వాసన, వీటన్నిటినీ కలిపి ఎండలో ఎన్నో ఏళ్ళు ఆరబెట్టిన వాసన ఉంది. డైరెక్టర్ గారు కళ్ళు మూసుకుని దాన్ని తొడుక్కుని, ముద్ద చాపారు. జెల్ల లేచింది. వచ్చింది. ఆయన మొహం చూసింది, చొక్కా చూసింది, మళ్ళీ మొహం చూసింది. చివరికి ముక్కు చొక్కా బొత్తాముల్లో దూర్చి, నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది.

"చూశారా! విశ్వాసం!" అన్నారు డైరెక్టర్ గారు.

"కళ్ళు మూసుకుని తింటోంది సార్" అన్నారు డాక్టర్ గారు.

చొక్కాని రిజిస్టరులో 'విశ్వాస సాధనం, ఒకటి' అని నమోదు చేశాను. 'ఉతకరాదు' అని ఒక చీటీ కుట్టించాను. ఇక పెద్దింట్లు రానక్కర్లేదని గేటు దగ్గర చెప్పించాం. విశ్వాసం తరలింది కాబట్టి అతనికీ కుక్కకీ అధికారికంగా సంబంధం లేదు.

*

రెండు వారాలకి చొక్కాలో వాసన తగ్గింది. డైరెక్టర్ గారు రోజూ పూసుకునే సెంటు దాన్ని మింగేస్తోంది. జెల్ల మళ్ళీ తిండి మానేసింది. అప్పుడొక సర్క్యులర్ తయారైంది: ప్రతి సోమవారం విశ్వాస సాధనాన్ని పెద్దింట్లుకి అందజేయాలి, అతను దాన్ని బాతుల మధ్య నాలుగు గంటలకు తగ్గకుండా ధరించాలి, ఆ తర్వాత సీలు వేసిన సంచీలో తిరిగి తేవాలి. తెచ్చేది నేను.

అలా ప్రతి సోమవారం నేను వాళ్ళ పాక దగ్గరికి వెళ్ళడం మొదలైంది. మొదటిసారే పెద్దింట్లు భార్య సోమాలమ్మ గుమ్మంలో నిలబడి, "కుక్కనిచ్చాం, సొక్కా ఇచ్చాం. ఇంకేటి కావాలండి మీకు?" అని అడిగింది. సర్క్యులర్ చదివి వినిపించాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిమిదో సోమవారం వెళ్ళేసరికి గట్టు మీద కూతలు వినబడ్డాయి. జెల్ల కూతే అనుకుని ఉలిక్కిపడ్డాను. తీరా చూస్తే పెద్దింట్లు. బాతుల చుట్టూ వలయంలా పరిగెడుతూ, చేతులు బార్లా చాపి, తనే ఆ కూత పెడుతున్నాడు. బాతులు కాసేపు నమ్మాయి, తర్వాత నమ్మడం మానేసి రొయ్యల చెరువు వైపు నడిచాయి. చెరువు కాపలా వాళ్ళు కర్రలు పుచ్చుకుని వచ్చారు. ఇరవై బాతులు ఆ రోజు తిరిగి రాలేదు.

అతను గట్టుమీద కూలబడి ఆయాసపడుతున్నాడు. గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా, "మూడు నెలలయిపోయిందండి. కోతలొచ్చేశాయండి" అన్నాడు.

"నీ అర్జీ పరిశీలనలో ఉంది" అన్నాను. అతను అర్జీ పెట్టలేదు. అయినా అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. అతను చొక్కా తొడుక్కుని బాతుల్లోకి నడిచాడు.

నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఆ విషయం రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

నవంబరు చివర విశ్వమోహన్ గారికి బదిలీ వచ్చింది. ఆయన తాళాలు, ముద్రలు, చొక్కా నాకు అప్పగించి వెళ్ళిపోయారు. కొత్తాయన రావడానికి నాలుగు రోజులు పట్టింది. మూడో అంశం ప్రకారం ఆ నాలుగు రోజులూ జెల్ల విశ్వాసం నా దగ్గర భద్రంగా ఉంది. ఆ నాలుగు రోజుల్లో అది నా వైపు ఒక్కసారి చూసింది, అదీ నా వెనక గోడమీద పిల్లి ఉన్నందుకు.

కొత్త డైరెక్టర్ భానోజీరావు గారు భారీ మనిషి. చొక్కా ఆయన భుజాల దగ్గరే ఆగిపోయింది. 'ధరించవలెను' అని ఉత్తర్వులో ఉంది కాబట్టి వీపు మీద నిలువునా చింపి, పురికొసతో కట్టాం. ఆయన అప్పగింత పత్రం మీద సంతకం చేసి, జెల్ల కాలు సిరా ప్యాడ్ మీద పెట్టించి ముద్ర వేయించుకున్నారు. అదే వారంలో రాజధాని నుంచి ఫోను: కమిషనర్ గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. జోనంగి పనితనం కళ్ళారా చూడాలని వారి అభిలాష.

భానోజీరావు గారు సమావేశం పెట్టారు.

"విశ్వాసం ఒక్క డైరెక్టర్ దగ్గరే కేంద్రీకృతమై ఉండటం పాత పద్ధతి. వికేంద్రీకరించాలి. సిబ్బంది అందరూ విశ్వాస సాధనాలు ధరించాలి. కమిషనర్ గారికి గౌరవ సూచకంగా ఒకటి."

పెద్దింట్లుకి ఉన్నవి రెండే చొక్కాలు. అందుకని డజను కొత్త ఖాకీ చొక్కాలు కొని వారం రోజులు అతని బాతుల దొడ్డిలో పరిచి ఉంచాం. రాత్రిళ్ళు ఏడు వందల బాతులు వాటిమీదే పడుకున్నాయి. వారం తర్వాత వాటిని జీపులో తెస్తుంటే డ్రైవరు రెండుసార్లు ఆపి కిందికి దిగాడు.

సునందిని గారు తొడుక్కోనన్నారు. "నేను డాక్టర్ని సార్, బాతుని కాను." ఆవిడ మీద క్రమశిక్షణా చర్యకి నోట్ పెట్టమన్నారు. పెట్టాను.

ఇంకొక ఇబ్బంది మిగిలింది. పనితనం చూపించాలంటే బాతులు కావాలి. పెద్దింట్లు బాతుల్ని తెమ్మనవచ్చు గాని, కేంద్రానికి సరఫరా అయ్యే బాతులు టెండరు ద్వారానే రావాలి. టెండరు పిలిచాం. వేసినవాడు ఒక్కడే, కనీసం ముగ్గురుండాలి. రద్దయింది. చివరికి భానోజీరావు గారు, "బాతులు లేకుండానే నమూనా ప్రదర్శన ఏర్పాటు చేద్దాం. అధికారులు గట్టు మీద వరుసగా నడుస్తారు, శునకం గౌరవంగా వారి వెంట నడుస్తుంది. విశ్వాసం కళ్ళకు కట్టినట్టుంటుంది" అన్నారు.

*

డిసెంబరులో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకి, పన్నెండు మందిమి ఖాకీ చొక్కాల్లో కాలువ గట్టు మీద నిలబడ్డాం. మధ్యలో కమిషనర్ గారు. వారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "దేశవాళీ పరిమళం" అన్నారు. అందరం నవ్వాం. వరుస కుదరలేదు, ఒకరు సెల్ ఫోన్లో మాట్లాడుతూ పక్కకి వెళ్ళారు, ఇద్దరు నీడకి జరిగారు, భానోజీరావు గారు కమిషనర్ గారి చుట్టూ తిరుగుతున్నారు. సునందిని గారు దూరంగా మామూలు చీరలో నిలబడి జెల్ల మెడ తాడు విప్పారు.

జెల్ల నాలుగడుగులు వేసి ఆగింది. గాలిని ముక్కుతో పీల్చింది. నుదుటి ముడతలన్నీ దగ్గరికొచ్చాయి. నెలల తరబడి వాలిపోయి ఉన్న తోక గిర్రున వీపు మీదికి చుట్టుకుంది. దాని ఎదురుగా పన్నెండు బాతులు, చెల్లాచెదురుగా, గట్టు మీద. చూసేవాడు లేడు. పొద్దు పదకొండు దాటుతోంది, ఈపాటికి నీళ్ళలో ఉండాల్సినవి.

మొదట ఫోనులో మాట్లాడే ఆయన్ని తెచ్చింది. ఆయన పంట్లాం అంచు పట్టుకుని లాక్కొచ్చి మా మధ్య వదిలింది. తర్వాత నీడలో ఉన్న ఇద్దరినీ. అందరం ఒక్క ముద్దగా చేరేదాకా చుట్టూ తిరిగింది, ఆ సాగదీసిన కూత పెడుతూ. "అద్భుతం!" అన్నారు కమిషనర్ గారు. అలా అంటూ ఫొటో కోసం రెండడుగులు వెనక్కి వేశారు. జెల్ల ఆయన పిక్కని ముక్కుతో పొడిచి లోపలికి తోసింది. ఇంకోసారి వేశారు. ఈసారి పొడవలేదు, పళ్ళు చూపించింది.

తర్వాత మమ్మల్ని కాలువలోకి దింపింది.

దింపింది అనడమే సరైన మాట. మేమెవరం దూకలేదు. జెల్ల వెనకనుంచి ఒత్తిడి పెంచుకుంటూ వచ్చింది, ముందువాళ్ళకి గట్టు అయిపోయింది. నడుం లోతు నీళ్ళు, మోకాటి లోతు బురద. ఎవరు ఏ వైపు ఎక్కబోయినా అక్కడ జెల్ల ముందే నిలబడి ఉండేది. భానోజీరావు గారు ఒక్కరే రెండు చేతులతో గట్టున మొలిచిన తూటికాడ పట్టుకుని సగం దాకా వెళ్ళారు. జెల్ల ఆయన మొహంలోకి మొహం పెట్టి చూసింది. ఆయన తనంతట తనే తిరిగొచ్చారు. ఒక్కరికీ గాటు పడలేదని మనవి చేస్తున్నాను.

"దీని విశ్వాసం ఎవరి హోదా కింద ఉంది?" అని కమిషనర్ గారు నీళ్ళలోంచి గద్దించారు.

"ఉత్తర్వు ప్రకారం నాదేనండి" అన్నారు భానోజీరావు గారు.

"అయితే పిలవండి!"

ఆయన పిలిచారు. నేను పిలిచాను. అందరం పిలిచాం. జెల్ల గట్టు మీద కూచుని మమ్మల్ని లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది.

డాక్టర్ గారు స్కూటర్ ఎక్కి వెళ్ళి పెద్దింట్లుని తీసుకొచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. అతన్ని చూడగానే జెల్ల గట్టంతా గంతులు వేసింది, అతని చుట్టూ తిరిగింది, చేతులు నాకింది, మళ్ళీ పరుగున వచ్చి మా మీద కాపలా కూచుంది. పెద్దింట్లు మమ్మల్ని చూశాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పిలవవయ్యా దాన్ని!" అని అరిచారు భానోజీరావు గారు.

"ఎలా పిలవనండి? దానికీ నాకూ సమ్మందం లేదని గేటు కాడ సెప్పారు గదండి" అన్నాడు పెద్దింట్లు. మర్యాదగానే అన్నాడు.

కమిషనర్ గారి పెదాలు నీలంగా అవుతున్నాయి. "సంబంధం కల్పించండి! ఏ నిబంధన కింద కల్పించాలి?"

అందరూ నా వైపు చూశారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది. బురదలో కాళ్ళు నిలదొక్కుకుని చెప్పాను: "విశ్వాసం హోదాకే చెందుతుంది కాబట్టి, అతనికి ఒక హోదా ఇస్తే సరిపోతుందండి. గౌరవ శునక విశ్వాస సంరక్షకుడు. జీతం లేదు. శునకం సంరక్షకుడి క్యాంపు ఆఫీసులో ఉండును. బాతుల మంద ఎక్కడ ఉంటే అదే క్యాంపు ఆఫీసు."

"గడువు?"

"శునకం జీవితకాలమండి."

సునందిని గారు మందుల చీటీల పుస్తకం తీసి, నేను చెబుతుంటే రాశారు. కమిషనర్ గారు భానోజీరావు గారి వీపు మీద చీటీ పెట్టి సంతకం చేశారు. డాక్టర్ గారు దాన్ని చదివి పెద్దింట్లుకి వినిపించారు. అతను చీటీ మడిచి బొడ్లో దోపుకుని, "జెల్లా, రాయే" అన్నాడు. గొంతు ఇంకా సరిగా రాలేదు, అయినా అది విన్నది. ఇద్దరూ గట్టు వెంట వెళ్ళిపోయారు. మేం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని పైకెక్కాం.

తనిఖీ నివేదిక నేనే రాశాను. 'శునకం యొక్క పనితనం సంతృప్తికరం. అధికారులు స్వయంగా పాల్గొని పరిశీలించారు.' కమిషనర్ గారికి అది నచ్చింది.

*

నచ్చడమే ఇబ్బందయింది. జనవరి మొదటి వారంలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సదరు శునకం యొక్క అసాధారణ ప్రతిభను గుర్తించడమైనది. పతకం ప్రదానం చేసి, రాజధానిలో కొత్తగా కట్టిన జాతీయ స్థాయి ప్రదర్శనశాలలో గాజు గదిలో శాశ్వతంగా ఉంచబడును. వెంటనే స్వాధీనపరచుకొని పంపవలెను. ఉత్తరం పట్టుకుని, సంచీలో స్టాంపు ప్యాడ్ వేసుకుని, స్కూటర్ మీద నేనే బయల్దేరాను.

కోసిన చేలన్నీ పసుపు రంగులో పడున్నాయి. పెద్దింట్లు ఒక చేను మధ్యలో కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. బాతులు రాలిన గింజలు ఏరుకుంటూ, బురదలో నత్తల్ని వెతుక్కుంటూ, తమలో తాము గోల చేసుకుంటూ మళ్ళ నిండా పరుచుకుని ఉన్నాయి. సోమాలమ్మ గట్టు మీద రాళ్ళ పొయ్యి పెట్టి చేపల పులుసు కాస్తోంది. నన్ను చూసి, "మళ్ళీ సొక్కా కాదు గదండి?" అంది.

"కాదమ్మా."

ఆవిడ ఆకులో అన్నం పెట్టింది. నేను కాదనలేదు. తిన్నాక పెద్దింట్లు వచ్చి పక్కన కూచున్నాడు. నా చేతిలో గుండ్రటి ముద్ర ఉన్న కాగితం చూసి అతని మొహం మారిపోయింది.

"ఏం రాశారండి అందులో?"

నేను ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా ఒకసారి లోపల్లోపల చదువుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఉత్తరంలో లేనిది ఎన్నడూ చదవలేదు.

"ఏం లేదు పెద్దింట్లూ. అంతా సక్రమంగా ఉందని రాశారు. జెల్ల బాగుందా అని అడిగారు."

"బాగుందని సెప్పండి, ఆయ్" అన్నాడు అతను, ఊపిరి వదిలి. లేచి చేలోకి వెళ్ళిపోయాడు.

నేను మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని, దానిమీద ఉత్తరం పరిచి, వెనకవైపు తిప్పి, కలం తీశాను. 'పై విషయమును పురస్కరించుకొని, స్వయముగా వెళ్ళి విచారించితిని. సదరు శునకము ఆచూకీ తెలియరాలేదు' అని రాసి సంతకం పెట్టి ముద్ర వేశాను. రాస్తున్నంతసేపూ జెల్ల నాకు మూడు బారల దూరంలో నిలబడి, నుదురు ముడతలు పెట్టుకుని, నన్నే చూస్తోంది.